బర్రె సావిట్లో దిగిన టీచరమ్మ

మా అత్త పదిహేడు దినాలు నాతో మాట్లాడలా. దినాలు ఎవురు లెక్కబెట్టుకుంటారు అంటారేమో, కోడలైతే మీరూ లెక్కబెట్టుకుంటారు. తిట్టే అత్తతో వేగొచ్చు. తిట్టకుండా, మూతి ముడుచుకోకుండా, మనం ఆ ఇంట్లో లేనే లేనట్టు మన పక్కనించి చెంబు తీసుకొని పోయే అత్తతో ఒక్క పూట వేగి చూడండి, తెలుస్తుంది. తప్పు నాదేలెండి. ఆమె గొడ్ల సావిడిని నేను సముద్రం చూసేదానికొచ్చే టౌనోళ్ళకి అద్దెకిచ్చినా.

ఇది అరవైల్లో మాట. మాది వాకాడు పక్కన ఒక చిన్న ఊరు. ఉప్పు కాలవ పడవలో దాటి, సవక తోపులో, అదే సరుగుడు తోపులో పడి నడిస్తే అరగంటలో అలలు కనపడతాయి. నేను పుట్టి పెరిగింది గూడూర్లో. రైలు కూతలు వింటా పెరిగినదాన్ని, ఎనిమిదో క్లాసు దాకా చదివినదాన్ని. బర్రె ఎదురొస్తే నాలుగు బారలు పక్కకి పోయేదాన్ని. పెళ్ళయిన కొత్తల్లో నేను కడవ ఎత్తుకునే తీరు చూసి మా మామ, "పోనీలే, ఉత్తరాలు రాసేదానికైనా పనికొస్తుంది" అన్నాడు. ఎగతాళికే అన్నాడు కానీ, అంత పనీ చేసింది నేను రాసిన ఉత్తరాలే.

ఎండాకాలం వచ్చిందంటే నెల్లూరు నించి, గూడూరు నించి జనం సముద్రానికి వచ్చేవాళ్ళు. బస్సు దిగి, బండి కట్టించుకొని, పిల్లా జెల్లా, పులిహోర మూటలూ. చేరేతలికే పొద్దు నడినెత్తికొచ్చేది, ఇసక కాల్తా ఉండేది. మొగోళ్ళకేం, పంచె ఎగ్గట్టి దూకేస్తారు. ఆడోళ్ళ తిప్పలు చూడాల. తడిసిన చీర మార్చుకునేదానికి చాటు లేక, నలుగురు నాలుగు దిక్కుల దుప్పటి పట్టుకొని నిలబడితే మధ్యలో ఒకామె. గాలికి దుప్పటి ఎగిరేది, లోపలామె కేకలు పెట్టేది, పట్టుకున్న నలుగురూ పొట్ట పట్టుకొని నవ్వేవాళ్ళు. మళ్ళీ పొద్దుగూకే లోపల బస్సు అందుకోవాల. ఇంత దూరం వచ్చి తీరిగ్గా ఒక్క మునక వేసే యోగం ఉండేది కాదు వాళ్ళకి.

ఒకసారి ఆ దుప్పటికి నేనూ ఒక కొస పట్టినా. ఆ పొద్దే నా బుర్రలో పురుగు దొలిచింది. మా సావిడి ఉండాది కదా!

ఇటిక గోడలు, తాటాకు కప్పు, ఇరవై గొడ్లు పట్టేంత పొడుగు. ఒకప్పుడు నిండుగా ఉండేదంట. నేను పోయేతలికి ఎద్దుల్ని ఇంటి ముందర పందిట్లో కట్టేవాళ్ళు. సావిట్లో మిగిలింది ఒక బర్రె, దాని దూడ. అంత సావిడి ఒక్క బర్రెకా? బాగు చేసి అద్దెకిస్తే, పెళ్ళాం బిడ్డల్తో వచ్చినోళ్ళు వారమో పది దినాలో ఉంటారు, వాళ్ళే వండుకొని తింటారు, సముద్రంలో తనివితీరా మునిగి పోతారు.

మా ఆయనకి చెప్తే, "నువ్వు చెప్పినాక బాగుండక ఏమవుతుంది" అన్నాడు. పెళ్ళయి అప్పటికి ఏడాదే లెండి. మా మామ గయ్యిమన్నాడు. "ఈ పొద్దు మనుషుల్ని గొడ్ల సావిట్లో పడుకోబెడితే, రేపు గొడ్లని నట్టింట్లో పడుకోబెట్టాల" అన్నాడు. అప్పుడు మా ఆయన మెల్లిగా ఒక మాట వేసినాడు: టౌనోళ్ళొస్తే మాపటేళ అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పుకోవచ్చు కదా అని. మా మామకి చెప్పేదానికి బోలెడు ఉండాయి, ఊళ్ళో వినేదానికే ఒక్కడూ మిగల్లా. రెండు దినాల్లో మెత్తబడినాడు.

మా అత్తని ఎవురూ అడగలా. మిగతా వాళ్ళ సంగతి వదిలేయండి, నేను అడగలా.

ఆ బర్రె సంగతి చెప్పాల మీకు. మా అత్తది చిట్టమూరు పక్క. ఆమె కాపరానికి వచ్చేటప్పుడు వాళ్ళమ్మ ఒక పెయ్యదూడని వెంట తోలిచ్చిందంట. ఆ దూడ బిడ్డకి బిడ్డ ఇది. అమ్మా నాయనా పోయినారు. అన్నదమ్ములు వేరుపడి రాకపోకలు మానేసినారు. పుట్టింటిదని చెప్పుకునేదానికి ఆమెకి ఈ భూమ్మీద మిగిలింది ఆ బర్రె ఒక్కటే. పొద్దన్నే సావిట్లోకి పోయిందంటే ఒక పట్టాన వచ్చేది కాదు. లోపల దాంతో ఏందో చెప్తానే ఉండేది. ఇంట్లో ఎవురితోనూ అన్ని మాటలు మాట్లాడంగా నేను చూళ్ళా.

ఇంకొకటి కూడా ఉండాది. పాలు పిండేటప్పుడు పరాయి కన్ను పడకూడదు. దిష్టి తగిల్తే పొదుగు ఎండిపోతుందని ఆమె పట్టుదల. కోడల్ని, నన్ను కూడా సావిడి గడప దాటనిచ్చేది కాదు. పాల చెంబు మీద కొంగు కప్పుకొని బయటికొచ్చేది, పక్కింటామె కనపడితే దారి మళ్ళేది. ఇవన్నీ తెలిసి కూడా ఆ సావిడి మీద చెయ్యేసినానంటే, వయసు పొగరు కాక ఇంకేంది?

పని మాత్రం ఎంత కులాసాగా చేసినామో. నేల జానెడు లోతు తవ్వి ఎత్తిపోసినాం. ఎన్నేళ్ళ పేడ పీల్చిన మట్టో, మా మామ మురిసిపోతా దాన్ని వరి కయ్యలకి తోలించినాడు. కొత్త ఎర్రమట్టి పోసి, దిమ్మిస కొట్టి, అలికినాం. గడ్డివామి దిక్కు గోడలో ఒక కిటికీ, గోడలకి సున్నం, కప్పుకి కొత్త తాటాకు, మూడు దినాలు వేపాకు పొగ. ఒక మూల పొయ్యి, బయట తడికలు కట్టి స్నానాల దొడ్డి. గోడ పొడుగునా గడ్డి వేసే తొట్టి ఒకటి ఉండేది, ఇటికతో కట్టింది. పగలగొట్టేదానికి మనసు రాలా. కడిగి, సున్నం కొట్టి, దాంట్లో వరిగడ్డి మెత్తగా పరిచి పైన బొంత వేసినా, పిల్లకాయలు పడుకుంటారని. నా తెలివికి నేనే మురిసిపోయి, మా ఆయన్ని కూడా దాంట్లో పడుకోబెట్టి చూసినా. కాళ్ళు బయటికొచ్చినాయి.

పని మొదలైన పొద్దు నించే మా అత్త నోరు కట్టేసుకుంది. గడ్డివామి వెనక కొత్త పాక వేసి, పని ఇంకో వారంలో ముగుస్తుందనంగా బర్రెను అందులోకి మార్చినాం.

ఇల్లు అలకంగానే పండగ కాదని ఊరికే అన్లా పెద్దోళ్ళు. బర్రె మేత నించి వచ్చినాక, దూడ రెండు గుక్కలు కుడవంగానే పొదుగులోకి పాలు దించుతుంది. దాన్నే చేపడం అంటారు. దానికి మనసు కుదరకపోతే చేపదు, మనం తలకిందులుగా నిలబడినా చేపదు. కొత్త పాకలో మా అత్త బతిమాలింది, గానుగ చెక్క పెట్టింది, తవుడు పెట్టింది, వేణ్ణీళ్ళతో పొదుగు కడిగింది. అది సావిడి దిక్కుకి మెడ తిప్పి చూస్తా నిలబడింది, అంతే. చెంబులో అడుగు కూడా తడవలా. రెండో దినమూ అంతే, మూడో దినమూ అంతే.

పక్కింటామె ఊరుకుంటుందా? "పాలిచ్చే బర్రెనమ్మి తన్నే దున్నపోతును తెచ్చుకున్నట్టుండాదే మీ కోడలి యాపారం" అని గోడ మీదనించి ఒక రాయి విసిరింది. నేను ఆమెకి బదులు చెప్పేదాన్నే, నోరు లేకనా? మా అత్త మొహం చూసి గమ్మున ఉన్నా.

సావిట్లోకే మళ్ళీ కట్టేస్తే పోలా అంటారా? గూడూర్లో, నెల్లూర్లో తెలిసినోళ్ళ ద్వారా విలాసాలు కనుక్కొని నేను రాసిన ఉత్తరాలు అప్పటికే పోయినాయి. ఒకరి తరవాత ఒకరు మూడు కాపరాలోళ్ళు వస్తామని జవాబు రాసినారు. మాట తప్పడం మా మామ దృష్టిలో కూట్లో మట్టి పోసుకోవడంతో సమానం. ఆయన బర్రె సంగతి కూడా అట్టే తేల్చేసినాడు. "ఒట్టిపోయిన గొడ్డును కూర్చోబెట్టి మేపేదానికి ఇది సత్రం కాదు. వచ్చే శనివారం దాకా చూస్తా. అప్పటికీ చేపకపోతే సంతకి తోలేస్తా" అన్నాడు. ఆయన అన్నాడంటే చేస్తాడు. మా అత్త ఆ మాట వినింది. పొయ్యి ముందర కూర్చుని మంట ఎగదోసింది.

సోమవారం మొదటి కాపరం దిగింది. నెల్లూర్లో ఆడపిల్లల బళ్ళో పనిచేసే టీచరమ్మ, కంపౌండరు పని చేసే వాళ్ళాయన, తొమ్మిదేళ్ళ కూతురు, ఆరేళ్ళ కొడుకు. పది దినాలకి వచ్చినారు. కిరస్తానీలు. నేను దాచుకోకుండా ఇది గొడ్ల సావిడమ్మా అని ముందే రాసుంటే, ఆమె ఏం జవాబు రాసిందో తెలుసునా? "మా ప్రభువు పుట్టిందే పశువుల సావిట్లో. మాకేమి నామోషీ? తప్పక వస్తాము." మా మామకి చదివి వినిపిస్తే, "గట్టి మనిషే" అన్నాడు.

బండి దిగి లోపలికి పోయిందో లేదో, ఆ కూతురు తొట్టి చూసి కెవ్వుమంది. "అమ్మా, యేసయ్య తొట్టి! నిజం తొట్టి! గడ్డి కూడా ఉంది!" తమ్ముణ్ణి లాగి అందులో పడేసి తనూ దూకింది. రాత్రికి కూడా ఇద్దర్నీ అందులోనించి లేపలేకపోయినారు. టీచరమ్మ ఎత్తరి మనిషి, తెల్ల చీర, నవ్విందంటే కప్పు మీద కాకులు లేచిపోయేవి. కంపౌండరు మాత్రం అన్నిటికీ భయమే. బల్లికి భయం, కప్పకి భయం, అలకి మరీ భయం. సూది పట్టుకొని ఊరందరినీ భయపెట్టే మనిషి, మోకాటి లోతు నీళ్ళలో పెళ్ళాం చెయ్యి వదిలేవాడు కాదు.

ఆ వారం నేను వాళ్ళ వెనకాలే తిరిగినా. వాళ్ళకి దారి చూపించే వంకతో పొద్దన్నే పడవ ఎక్కేదాన్ని. ఒడ్డున చేపలమ్మే ఆడోళ్ళ దగ్గర బేరం నేనే ఆడేదాన్ని. సముద్రం పక్కన ఏడాది కాపరం చేసి, మెడ లోతు నీళ్ళలోకి మొదటిసారి దిగింది ఆ టీచరమ్మ చెయ్యి పట్టుకొనే. అల వచ్చి ఇద్దర్నీ దొర్లించి ఇసకలో పడేస్తే, నోటి నిండా ఉప్పునీళ్ళతో లేచి ఒకరి మొహం ఒకరు చూసుకొని ఎంత నవ్వినామో. తడి చీరల్తో తోపు నీడన నడుచుకుంటా వచ్చి, తడికల చాటున నింపాదిగా నీళ్ళు పోసుకొని, మామిడికాయ వేసిన చేపల పులుసు తిని ఆడోళ్ళు ఒక కునుకు తీసేవాళ్ళంటే, అది నేను కల్పించిన సుఖం. ఎచ్చులు కాదు, నిజంగానే గర్వంగా ఉండేది. మాపటేళ అరుగు మీద మా మామ కంపౌండరుకి పాత తుపాను కథలు చెప్పేవాడు. పాపం ఆయన కూర్చునే నిద్రపోయేవాడు, మా మామ అది ఊ కొట్టడం అనుకొని ఇంకా చెప్పేవాడు.

ఇంటికొచ్చి వామి వెనక్కి చూసినానంటే మాత్రం నా సంబరమంతా నీరుగారి పోయేది. దూడ డొక్కలు లోపలికి పోయినాయి. బర్రె పొదుగు రోజురోజుకీ వదులైపోతా ఉండాది. టీచరమ్మ ఒకసారి అడిగింది: "మీ అత్తగారు మా వైపు చూడనే చూడరేమమ్మాయీ? మేము వచ్చినందుకు కష్టంగా ఉందా?" "ఆమె అంతేలే అక్కా, కొత్తోళ్ళంటే సిగ్గు" అని అబద్ధం చెప్పినా. నిజం చెప్తే మూట కట్టుకొని పోయే మనిషని నాకు తెలుసు. పోతే నా సావిడి ఏం కావాల? ఆ ఆశే నా నోరు నొక్కింది.

గురువారం మాపటేళ మా అత్త బర్రెను బావి నీళ్ళతో తోమి తోమి కడిగింది. కొమ్ములకి ఆముదం రాసింది. నుదుటన పసుపు, కుంకుమ పెట్టింది. కూతుర్ని అత్తగారింటికి పంపేటట్టు. నేను చూళ్ళేకపోయినా. దగ్గిరికి పోయి, "అత్తా, తప్పైపోయింది. నిన్ను అడక్కుండా చేసినా. ఇంకే కాపరాన్నీ రావద్దని రాసేస్తా" అని కాళ్ళ దగ్గర కూర్చున్నా. ఆమె కొమ్ముకి ఇంకాస్త ఆముదం రాసింది.

శుక్రవారం తెల్లవారతా ఉండంగా, సావిట్లోనించి ఒక కేక. "ప్రభువా! ప్రభువా! నన్ను కాపాడు!"

నేను వాకిలి ఊడుస్తా ఉన్నా. చీపురు అట్టే పట్టుకొని పరిగెత్తినా. సావిడి తలుపు బార్లా తెరిచుండాది. లోపల బర్రె. మా బర్రె! తన పాత గుంజ దగ్గర, తన పాత చోట, ఏమీ జరగనట్టు నిలబడుండాది. గుంజ పక్కనే నులక మంచం, ఆ మంచం మీద కంపౌండరు గోడకి అంటుకొని పోయి, దుప్పటి గడ్డం దాకా లాక్కొని, బర్రె మూతికి తన మొహానికి మధ్య ఒక దిండు అడ్డం పెట్టుకొనుండాడు. బర్రె ఆయన్ని పట్టించుకోలా. మెడ చాచి, తొట్టిలో బొంత పక్కకి లాగి, పిల్లకాయల పరుపు గడ్డిని పటపటా నమలడం మొదలుపెట్టింది. పిల్లకాయలిద్దరూ అవతల మంచం మీద కూర్చుని చప్పట్లు కొడతా ఉండారు. "అమ్మా, మన పరుపు తినేస్తా ఉంది!"

నా వెనక అడుగుల చప్పుడు. మా అత్త. గడప దాకా వచ్చి ఆగిపోయింది. సావిడి బాగుచేసినాక ఆమె ఆ గడప తొక్కలా. ఆమె చూపు బర్రె పొదుగు మీద పడింది. నేనూ చూసినా. పొదుగు నిండి బిగిసుండాది. చన్నుల నించి పాలు వాటంతటవే చుక్కలు చుక్కలుగా నేను అలికిన నేల మీద పడతా ఉండాయి.

బర్రె చేపింది.

లోపలికి పోతే పరాయి కళ్ళు, ఒకటి కాదు ఎనిమిది. పోకపోతే పాలన్నీ నేలపాలు. అప్పుడు టీచరమ్మ చేతిలో చెంబు పట్టుకొని ముందుకొచ్చింది. "రండి పెద్దమ్మా, కడిగిన చెంబే. ఆలస్యం చేస్తే మళ్ళీ ఎగబీలుస్తుందేమో" అంది.

మా అత్త మా వీధిలోనే ఇంకో ఇంటి చెంబులో మంచినీళ్ళు తాగని మనిషి. ఆ కాలం అట్టాంటిది, ఆమె మడి అట్టాంటిది. కిరస్తానీ ఆమె చెంబు పట్టుకుంటుందా? మా అత్త చెంబు దిక్కు చూసింది, టీచరమ్మ మొహం దిక్కు చూసింది. గడప దాటింది. చెంబు అందుకొని గొంతుక్కూర్చుంది. కూర్చుని నా దిక్కు తిరిగి, "చూస్తా నిలబడినావేందే, దూడని ఇప్పుకొని రాపో!" అని కసిరింది.

పదిహేడు దినాల తరవాత మొదటి మాట. నేను ఏడుస్తా పరిగెత్తినా, చీపురు ఇంకా చేతిలోనే ఉండాది. తిరిగొచ్చేతలికి చెంబులో పాలు చుయ్యి చుయ్యిమని పడే చప్పుడు. కంపౌండరు కూడా దిండు దించి చూస్తా ఉండాడు.

ఆ పొద్దు నించి రెండు పూటలా పాలు పితికేది సావిట్లోనే. దిష్టి సంగతి మా అత్త వదిలిపెట్టలా. బర్రె నడుం మీద కాటుక బొట్టు పెట్టి, చూసినోళ్ళందరూ మూడుసార్లు తుపుక్కుమని ఊయాలని కట్టడి చేసింది. పిల్లకాయలకి అంతకంటే పండగ ఉంటుందా? మూడు అంటే ముప్పై సార్లు ఊసేవాళ్ళు. కంపౌండరు కూడా పక్కకి తిరిగి మర్యాదగా మూడుసార్లు ఊసేవాడు. మూడో దినానికి ఆయన దూడ తాడు పట్టుకునేంత ధైర్యం తెచ్చుకున్నాడు. ఇక సంతకి తోలేస్తానన్న ఆ శనివారం పొద్దన్నే మా మామ తలపాగా చుట్టి బయటికొచ్చి, గ్లాసెడు చిక్కటి పాలు తాగి, మీసం తుడుచుకొని, "ఈ ఎండలో సంతకి ఎవురు పోతారబ్బా" అని మళ్ళీ అరుగెక్కినాడు.

మిగతా దినాలు మా అత్త ఆ సావిడి వదిలితే ఒట్టు. టీచరమ్మ గుంజకి ఆనుకొని కూర్చుని అడిగేది, మా అత్త చెప్పేది. వాళ్ళమ్మ దూడని తోలిచ్చిన కథ, దారిలో ఏట్లో నీళ్ళొస్తే దూడని బండి మీద ఎక్కించుకున్న కథ. నాకు ఒక్కటీ తెలియదు. అడిగితే కదా చెప్పేది.

పది దినాలు గడిచి వాళ్ళ బండి కదిలిన పొద్దు, మా అత్త మలుపు దాకా పోయి వచ్చింది. వచ్చి నా పక్కన కూర్చుని, "ఒక ఉత్తరం రాయి" అంది.

"ఇప్పుడే కదత్తా పోయినారు. ఇంకా వాకాడు కూడా దాటి ఉండరు."

"దాటకపోతే ఏం, రాయి. ఆ పొద్దు బర్రె తాడు తెంపుకొని రాలా. నేనే ఇప్పినా. వాళ్ళు దడుచుకొని లేచి పోతారని ఇప్పినా. పోతే సావిడి మళ్ళీ నా బర్రెకి వస్తుందని. అది రాయి."

కలం కింద పెట్టేసినా. నిజం చెప్తా, నాకు ఒళ్ళు మండింది. "పిల్లకాయలు పడుకున్న చోటికి బర్రెను వదుల్తావా అత్తా? తొక్కుంటే?" అని గట్టిగానే అడిగినా. "నా బర్రె ఎవురినీ తొక్కదు" అంది. మళ్ళీ తనే తల వంచుకొని, "తొక్కదని నాకు తెలుసు, ఆ తల్లికి తెలియదు కదా. తప్పే. తరిమేదానికి నేను బర్రెను వదిల్తే ఆమె నాకు చెంబిచ్చింది. అప్పటినించీ నాకు కూడు దిగడం లేదు. రాయి" అంది.

నా కోపం యాడికి పోయిందో పోయింది. తప్పు ఒప్పుకునేదానికి నాకు ఎన్ని దినాలు పట్టిందో గుర్తొచ్చింది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాసినా.

పది దినాలకి జవాబు వచ్చింది. మా అత్త పొయ్యి మీద అన్నం వదిలేసి వచ్చి కూర్చుంది. చదివినా.

"పెద్దమ్మకు చెప్పమ్మాయీ, నాకు తెలుసునని. ఆ రోజు ప్రార్థనకు లేచి కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాను. పెద్దమ్మ బర్రె మెడ కౌగిలించుకొని ఏడవడం చూశాను. మీ మామగారు శనివారం సంత అనడం అంతకుముందే విన్నాను. తర్వాత పెద్దమ్మ ముడి విప్పడం చూశాను. పిల్లల్ని తొట్టిలో నుంచి ఎత్తి మంచం మీదికి మార్చి, చెంబు కడిగి పెట్టుకున్నాను. మా వారిని లేపలేదు. లేపితే గడియ గట్టిగా బిగించేవారు. తలుపు తీసింది నేనే."

మా అత్త మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివినా. "తలుపు కూడానా?" అంది. కళ్ళ నిండా నీళ్ళు, మొహమంతా నవ్వు. "పాడు మొహంది, ఒక్క మాట చెప్పలేదే నాతో! నేను చిట్టమూరు కథలన్నీ చెప్తా ఉంటే ఏమీ ఎరగనట్టు ఊ కొట్టిందే!" కొంగుతో మొహం తుడుచుకొని, నవ్వి, మళ్ళీ తుడుచుకుంది. లోపల అన్నం మాడతా ఉండాది, ఇద్దరిలో ఎవురమూ లేవలా.

"కాయితం తియ్యి" అంది. "వచ్చే ఎండాకాలం సెలవులు ఇయ్యంగానే రమ్మని రాయి. అద్దె గిద్దె అంటే కాళ్ళిరగ్గొడతానని రాయి."

నేను 'టీచరమ్మ గారికి' అని మొదలుపెట్టినా. ఏం రాసినావో చదువు అంది. చదివినా.

"అది కొట్టెయ్యి" అంది. "అమ్మణ్ణీ అని రాయి. కూతురికి రాసేటప్పుడు అట్టే కదా రాస్తారు."

కొట్టేసి రాసినా.